ఓడ మీద రెండు జెండాలు: హాంకాంగ్ రిజిస్టర్ కోసం బ్రిటన్, చైనా ఏం మాట్లాడుకున్నాయి?

వైజాగ్_కుర్రోడు:
అందరికీ నమస్కారం. మా తమ్ముడు ఈ మధ్యే డెక్ కేడెట్‌గా ఓడెక్కాడు. ఫోటోలు పంపాడు. ఓడ వెనక పేరు కింద హాంకాంగ్ అని రాసి ఉంది. జెండా కర్రకి పైన చైనా జెండా, దాని కింద తెల్ల పువ్వు ఉన్న ఎర్ర జెండా. హాంకాంగ్ చైనాదే కదా, మరి ఓడల రిజిస్టర్ వేరేగా ఎందుకు? వెతికితే 1980ల్లో బ్రిటన్, చైనా ప్రభుత్వాలు దీని గురించి కూర్చుని మాట్లాడుకున్నాయని కనిపించింది. ఫలానా ఓడ ఫలానా వాళ్ళది అని రాసుకునే గుమస్తా పనికి రాయబారులు ఎందుకు దిగారు? ఇంకో సంగతి, రేపు జీతం దగ్గర తేడా వస్తే వాడు ఎవరికి చెప్పుకోవాలి? అమ్మ ఒకటే టెన్షన్ పడుతోంది.

పాత_సరంగు:
తమ్ముడికి శుభాకాంక్షలు. ఆ పువ్వు బౌహీనియా, మన దేవకాంచనం జాతి. హాంకాంగ్ చట్టం ప్రకారం అక్కడ రిజిస్టరైన ఓడ చైనా జాతీయ జెండాని, దాని కింద హాంకాంగ్ ప్రాంతీయ జెండాని ఎగరెయ్యాలి. ఓడ మటుకు బీజింగ్ రిజిస్టర్‌లో ఉండదు. హాంకాంగ్ మెరైన్ డిపార్ట్‌మెంట్ నడిపే సొంత రిజిస్టర్‌లో ఉంటుంది. అది మొదలైంది 1990 డిసెంబర్ 3న, అంటే బ్రిటిష్‌వాళ్ళు ఇంకా అక్కడ ఉండగానే. చైనాకి అప్పగింత 1997 జూలై 1న. ఈ ఏడేళ్ళ తేడాలోనే కథంతా ఉంది. మిగతాది చదువుకున్నవాళ్ళు చెప్తారు, నేను డెక్కు మీద బతికినవాణ్ణి.

లెడ్జర్_లక్ష్మి:
ఏడేళ్ళ ముందే ఎందుకు అన్నదానికి నా వైపు నుంచి జవాబు చెప్తాను. నేను ఓడలకి అప్పులిచ్చే డెస్క్ మీద కొన్నాళ్ళు పనిచేశాను.

పెద్ద ఓడని సొంత డబ్బుతో కొనేవాళ్ళు అరుదు. బ్యాంకు అప్పిస్తుంది, ఓడని తాకట్టు పెట్టుకుంటుంది. ఆ తాకట్టు నమోదయ్యేది ఓడ రిజిస్టర్‌లోనే. ఇల్లు తాకట్టు పెడితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులో ఎంట్రీ ఎలాగో ఇక్కడ రిజిస్టర్ ఎంట్రీ అలాగ. ఓడ రేపు సింగపూర్‌లో ఉంటుంది, వచ్చే నెల రోటర్‌డామ్‌లో ఉంటుంది. అప్పు ఎగ్గొడితే ఎక్కడో ఒక రేవులో అరెస్టు చేయించి వేలం వేయించాలి. అప్పుడు అక్కడి కోర్టు అడిగే మొదటి ప్రశ్న: తాకట్టు ఏ దేశం రిజిస్టర్‌లో, ఏ చట్టం కింద ఉంది?

ఇప్పుడు 1985లో హాంకాంగ్ బ్యాంకరుగా మిమ్మల్ని ఊహించుకోండి. పన్నెండు, పదిహేనేళ్ళ అప్పు ఇవ్వాలి. గడువు 1997 దాటిపోతోంది. తాకట్టు రాసింది హాంకాంగ్ రేవులోనే అయినా చట్టం లండన్‌ది, బ్రిటిష్ మర్చంట్ షిప్పింగ్ చట్టం, 1894. జూన్ 30 అర్ధరాత్రి తర్వాత ఆ చట్టం అక్కడ చెల్లదు. మరి మీ తాకట్టు? ఎవరూ సంతకం పెట్టరు. కొత్త రిజిస్టర్ 1997లో మొదలైతే లాభం లేదు. ముందే మొదలై, నడిచి, రాత్రికి రాత్రి జెండా మారినా పుస్తకం మారదని లోకానికి నమ్మకం కుదరాలి. ఆ నమ్మకం రావాలంటే పైనుంచి దిగబోయే ప్రభుత్వం, వచ్చి కూర్చోబోయే ప్రభుత్వం రెండూ ఒకే కాగితం మీద ఒప్పుకోవాలి.

వైజాగ్_కుర్రోడు:
లక్ష్మి గారూ, బాగా అర్థమైంది. కానీ అప్పట్లో హాంకాంగ్ ఓడల వాళ్ళు అంత పెద్దవాళ్ళా?

లెడ్జర్_లక్ష్మి:
అబ్బో. హాంకాంగ్ ఓడల యజమాని వై.కె. పావ్ ఒక్కడికే 1970ల చివర్లో 200కు పైగా ఓడలు, దాదాపు 2 కోట్ల డెడ్‌వెయిట్ టన్నులు (ఓడలు మోయగల బరువు). ఆ తర్వాత సి.వై. తుంగ్. తమాషా ఏమిటంటే వీళ్ళ ఓడల్లో ఎక్కువ భాగం లైబీరియా, పనామా జెండాల కింద ఉండేవి. పెద్దగా షరతుల్లేకుండా ఎవరి ఓడనైనా రాసుకునే దేశాలవి. సొంత ఊరి రిజిస్టర్‌ని వాళ్ళే పెద్దగా వాడలేదు. 1980ల మధ్యలో ఓడల మార్కెట్ కుప్పకూలింది, తుంగ్ కంపెనీ అప్పుల్లో మునిగింది. 1986లో బీజింగ్‌కి దగ్గరైన హాంకాంగ్ వ్యాపారి హెన్రీ ఫోక్ ద్వారా 12 కోట్ల డాలర్లు రావడంతో గట్టెక్కింది. ఆ కంపెనీని అప్పుడు నడుపుతున్న కొడుకు తుంగ్ చీ-హ్వానే 1997లో హాంకాంగ్ మొదటి చీఫ్ ఎగ్జిక్యూటివ్, అంటే అక్కడి ప్రభుత్వాధినేత. కాబట్టి షిప్పింగ్ అక్కడ ఏదో ఒక పక్క వ్యాపారం కాదు.

రికార్డ్‌రూమ్:
చర్చల వరస నేను చెప్తాను, కాస్త పొడుగవుతుంది, ఓపిక పట్టండి.

1984 డిసెంబర్ 19న బీజింగ్‌లో బ్రిటన్ ప్రధాని థాచర్, చైనా ప్రధాని జావో జియాంగ్ హాంకాంగ్ అప్పగింత మీద సంతకాలు పెట్టిన ఉమ్మడి ప్రకటనకి ఒక అనుబంధం ఉంది. అందులో ఓడల మీదే ఒక విభాగం పెట్టారు. సారాంశం: హాంకాంగ్ పాత నౌకా వ్యవస్థ కొనసాగుతుంది. కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన అధికారంతో, తన సొంత చట్టం కింద, 'హాంకాంగ్, చైనా' అనే పేరుతో ఓడల రిజిస్టర్ నడుపుకుంటుంది, సర్టిఫికెట్లు ఇచ్చుకుంటుంది. 1990 ఏప్రిల్‌లో వచ్చిన బేసిక్ లా (అప్పగింత తర్వాత హాంకాంగ్‌కి రాజ్యాంగం లాంటిది) 125వ అధికరణంలో కూడా ఇదే ఉంది.

చదవడానికి తేలిగ్గా ఉంది కదా. చిక్కెక్కడంటే, 'కొనసాగించు' అన్నారు గానీ కొనసాగించడానికి హాంకాంగ్‌కి సొంత రిజిస్టర్ లేదు. ఉన్నది బ్రిటిష్ రిజిస్టర్‌కి ఒక రేవు శాఖ. అక్కడ రాసిన ఓడ 'బ్రిటిష్ ఓడ'. 1894 చట్టం ప్రకారం యజమాని బ్రిటిష్ పౌరుడో, బ్రిటిష్ రాజ్యంలో స్థాపించిన కంపెనీయో అయి ఉండాలి. 1997 తర్వాత హాంకాంగ్ కంపెనీ ఆ లెక్కలోకే రాదు.

సరే, హాంకాంగ్ శాసనసభ కొత్త చట్టం చేసుకోవచ్చు కదా అంటారా? 1865 నాటి వలస చట్టాల చెల్లుబాటు చట్టం ఒకటుంది. బ్రిటిష్ పార్లమెంటు చట్టానికి విరుద్ధంగా వలస రాజ్యం చేసిన చట్టం ఆ మేరకు చెల్లదు. అందుకని లండనే తలుపు తీయాల్సొచ్చింది. 1985లో హాంకాంగ్ చట్టం, దాని కింద 1986లో ఒక రాజాజ్ఞ. మర్చంట్ షిప్పింగ్, విమానయానం, అడ్మిరాల్టీ (సముద్ర తగాదాలపై కోర్టు అధికారం) విషయాల్లో బ్రిటిష్ చట్టాలని మార్చుకునే, రద్దు చేసుకునే అధికారం హాంకాంగ్ శాసనసభకి దక్కింది.

ఇవతల రాజకీయ బేరం జరిగింది బ్రిటన్, చైనా కలిసి వేసుకున్న సంయుక్త సంప్రదింపుల బృందంలో. ఒక్కో పక్క ఐదుగురు, నాయకుడు రాయబారి హోదా మనిషి. 1985లో పని మొదలెట్టి లండన్, బీజింగ్, హాంకాంగ్‌ల మధ్య తిరిగింది. 1988 జూలై నుంచి హాంకాంగ్‌లోనే మకాం. 2000 జనవరి 1 దాకా ఉంది. అది పరిపాలించే సంస్థ కాదు, సంప్రదింపుల సంస్థ మాత్రమే. బ్రిటన్ ఏం చేసినా 1997 దాటి బతకాలంటే మాత్రం అక్కడ చైనా తల ఊపాలి. కొత్త రిజిస్టర్ అలా ఒప్పించుకున్న తొలి పెద్ద వ్యవస్థల్లో ఒకటి.

ఎర్రమట్టి:
నాకు ఇదంతా బ్రిటిష్‌వాళ్ళ తెలివిగా కనిపిస్తోంది మాస్టారూ. 150 ఏళ్ళు సొంత రిజిస్టర్ ఇవ్వలేదు, పోయేముందు ఇచ్చి పోయారు. చైనా అసలు ఎందుకు ఒప్పుకోవాలి? తన రిజిస్టర్ తనకుంది. హాంకాంగ్ ఓడల్ని అందులో కలిపేస్తే పోయేది.

లెడ్జర్_లక్ష్మి:
కలిపేస్తే ఆ రాత్రికే ఓడలు లైబీరియాకి పోయేవి. జెండా మార్చడానికి ఓడ సొంత రేవుకి రానక్కర్లేదు, కాగితం మారితే చాలు.

ఎర్రమట్టి:
పోతే పోనీ. ఫీజు డబ్బులే కదా.

లెడ్జర్_లక్ష్మి:
ఫీజులు కాదండీ. ఓడ రిజిస్టరైన చోటే దాని లాయర్లు, సర్వేయర్లు, బీమా వాళ్ళు, మేనేజర్లు చేరతారు. చైనా హాంకాంగ్‌ని తీసుకునేది దాన్ని ఖాళీ చేసుకోవడానికి కాదు కదా. నా ఉద్దేశంలో ఈ బేరంలో బ్రిటన్ కంటే చైనాకే అవసరం ఎక్కువ. బ్రిటన్‌కి మిగిలింది పరువుగా బయటపడటం.

పాత_సరంగు:
పరువే కాదు. జెండా అంటే కాపలా కూడా. అవే రోజుల్లో ఇరాన్-ఇరాక్ యుద్ధం, గల్ఫ్‌లో ట్యాంకర్ల మీద దాడులు. 1987లో కువైట్ తన 11 ట్యాంకర్లని అమెరికా జెండా కిందికి మార్చుకుంది, ఎందుకు? అమెరికా యుద్ధనౌకలు పక్కన వస్తాయని. హాంకాంగ్‌లో రాసిన ఓడ బ్రిటిష్ ఓడ అయినన్నాళ్ళూ గల్ఫ్‌లో తిరిగే బ్రిటిష్ నేవీ దాన్ని తనదిగానే చూడాలి. రేపటి నుంచి ఎవరు చూస్తారు? ఈ ప్రశ్నకి చైనా జెండా పైన, హాంకాంగ్ జెండా కింద అన్నది జవాబు. రిజిస్టర్ మాత్రమే వేరు, సార్వభౌమత్వం మటుకు చైనాదే.

రికార్డ్‌రూమ్:
ఎర్రమట్టి గారు 150 ఏళ్ళు అన్నారు కాబట్టి ఒక పాత సంగతి చెప్పాలి. చైనావాళ్ళకి హాంకాంగ్ ఓడ రిజిస్టర్ అంటే ఎందుకు ఒళ్ళు మండుతుందో దీనివల్ల తెలుస్తుంది.

1855లో గవర్నర్ బౌరింగ్ కాలంలో హాంకాంగ్ ఒక ఆర్డినెన్స్ చేసింది. అక్కడ కాపురముండే చైనీయులు తమ పడవలకి ఏడాది రిజిస్టర్ తీసుకోవచ్చు, బ్రిటిష్ జెండా కట్టుకోవచ్చు. దొంగ సరుకు వాళ్ళకి పండగ. అలా రాసుకున్న వాటిలో 'ఆరో' అనే లోర్చా (ఐరోపా తరహా ఒళ్ళు, చైనా తెరచాపలు ఉన్న పడవ) ఒకటి. యజమాని చైనీయుడు, కెప్టెన్ పేరుకి థామస్ కెనడీ అనే కుర్రాడు, సిబ్బంది చైనీయులు. 1856 అక్టోబర్ 8న కాంటన్‌లో (ఇప్పటి గ్వాంగ్‌జౌ) చైనా అధికారులు ఎక్కి 12 మందిని పట్టుకుపోయారు, సముద్రపు దొంగలన్న అనుమానంతో. బ్రిటిష్ కాన్సల్ హారీ పార్క్స్ గగ్గోలు పెట్టాడు: మా జెండాకి అవమానం! అసలు సంగతేమిటంటే ఆ పడవ రిజిస్టర్ గడువు సెప్టెంబర్ 27నే అయిపోయింది. బౌరింగ్‌కి అది తెలుసు. చైనావాళ్ళకి తెలియదు కాబట్టి మాట్లాడకు అన్న ధోరణిలో పార్క్స్‌కి రాశాడు కూడా. రెండో నల్లమందు యుద్ధం అలా అంటుకుంది.

1857 మార్చిలో ఎంపీ కాబ్డెన్ ఈ యుద్ధాన్ని తప్పుపడుతూ తెచ్చిన తీర్మానం మీద బ్రిటిష్ కామన్స్ సభలో ప్రధాని పామర్‌స్టన్ ప్రభుత్వం 263-247 ఓట్లతో ఓడిపోయింది. ఆయన ఎన్నికలకి వెళ్ళి గెలిచి వచ్చాడు. కాంటన్ వైస్రాయ్ యే మింగ్‌చెన్‌ని పట్టుకుని కలకత్తా తీసుకొచ్చి బందీగా ఉంచారు, 1859లో అక్కడే పోయాడు.

గడువు తీరిన ఒక రిజిస్టర్ కాగితం మీద యుద్ధం జరిగిన చోట, మళ్ళీ రిజిస్టర్ గురించే మాట్లాడటానికి అవే రెండు దేశాలు కూర్చున్నాయి. చైనా ప్రతినిధులకి ఆ చరిత్ర తెలియదని మాత్రం నేను నమ్మను.

గోదారి_గట్టు:
రెన్యువల్ మర్చిపోతే యుద్ధమా! మా స్కూటీ ఇన్సూరెన్స్ అయిపోయి చాన్నాళ్ళైంది, ఇవాళే కట్టేస్తా.

ఎర్రమట్టి:
ఆరో సంగతి నాకు తెలియదు, బావుంది. కానీ అది నా మాటనే బలపరుస్తోంది. వలస రిజిస్టర్ అంటేనే పరాయి జెండాని అద్దెకివ్వడం. 1990లో చేసింది అదే పని మర్యాదగా. హాంకాంగ్‌లో ఒక కంపెనీ పేరు పెడితే చాలు, ఎవరి ఓడైనా చేరొచ్చు. పనామాకీ దీనికీ తేడా ఏంటి?

పాత_సరంగు:
ఈ ప్రశ్న మా యూనియన్ మీటింగుల్లో నలిగిన ప్రశ్నే. తేడా ఉంది, కానీ చెప్పుకునేంత స్వచ్ఛంగా లేదు. హాంకాంగ్‌లో ఓడ యజమాని అక్కడి నివాసి కావాలి, లేదా అక్కడ స్థాపించిన లేదా అక్కడ నమోదైన కంపెనీ కావాలి. లేదా అలాంటివాళ్ళు ఓడని బేర్‌బోట్ చార్టర్ మీద, అంటే సిబ్బంది లేకుండా ఉత్త ఓడని అద్దెకి తీసుకుని ఉండాలి. అక్కడ ఒక ప్రతినిధి తప్పనిసరి, నోటీసు ఇవ్వడానికి ఒక చిరునామా దొరుకుతుంది. సిబ్బంది జాతీయత మీద షరతు లేదు. మన కుర్రాళ్ళకి అదే అన్నం పెట్టింది. హాంకాంగ్‌లో ఆఫీసున్న పెద్ద షిప్ మేనేజ్‌మెంట్ కంపెనీల్లో భారతీయులు ఎంతమందో షిప్పింగ్‌లో ఉన్న ఎవర్నడిగినా చెప్తారు.

పనామాలో అంత గట్టిగా లేనిదేమిటంటే తనిఖీ. రేవుల్లో ఆపి చూసినప్పుడు హాంకాంగ్ ఓడలు పట్టుబడేది తక్కువని పేరుంది. ఆ పేరు కోసం వాళ్ళు కష్టపడ్డారు, ఒప్పుకోవాలి.

రికార్డ్‌రూమ్:
ఆ దశకంలో ఈ పని చేసింది హాంకాంగ్ ఒక్కటే కాదు. బ్రిటన్ పక్కనున్న ఐల్ ఆఫ్ మాన్ దీవి 1980ల్లోనే మొదలెట్టింది. ఫ్రాన్స్ తన ఓడల్ని దక్షిణ హిందూ మహాసముద్రంలో ఊరూ పేరూ లేని కెర్గ్యులెన్ దీవుల పేరు మీద రాసుకుంది. నార్వే 1987లో, డెన్మార్క్ 1988లో రెండో రిజిస్టర్ తెరిచాయి. అందరి భయం ఒకటే, ఓడలు లైబీరియాకి పారిపోతున్నాయని. ఓడకి, జెండా దేశానికి నిజమైన సంబంధం ఉండాలంటూ 1986లో ఐక్యరాజ్యసమితి ఒక ఒడంబడిక చేసింది. తగినన్ని దేశాలు చేరక అది ఇప్పటికీ అమల్లోకి రాలేదు.

వీటిలో ఒక్కోదానికి వెనక మొదటి నుంచీ ఒక్కో దేశమే ఉంది. హాంకాంగ్ రిజిస్టర్ ఒక్కటే ఒక దేశం కింద పుట్టి ఇంకో దేశం కింద బతకాల్సినది. అందుకే ఇంకో లంకె కూడా సరిచూసుకోవాల్సొచ్చింది: ఒడంబడికలు. సోలాస్ (ఓడల భద్రత), మార్పోల్ (సముద్ర కాలుష్యం), లోడ్ లైన్స్ (ఓడ ఎంత బరువు ఎత్తొచ్చు) లాంటివి హాంకాంగ్‌కి బ్రిటన్ ద్వారా వర్తించేవి. బ్రిటన్ వెళ్ళిపోతే ఆ సర్టిఫికెట్లకి దిక్కెవరు? సంయుక్త బృందంలో ఒక్కో ఒడంబడికనీ తీసి, ఇది కొనసాగాలా వద్దా అని తేల్చారు. అలా తేల్చినవి 200కు పైనే. అంతర్జాతీయ సముద్ర సంస్థ ఐఎంఓలో హాంకాంగ్‌కి 1967 నుంచి అసోసియేట్ సభ్యత్వం ఉంది. అదీ నిలిచింది, పేరు మాత్రం 'హాంకాంగ్, చైనా' అయింది.

గౌతమి_తీరం:
తైవాన్ సంగతి ఎవరూ ఎత్తలేదేం? అసలు పరీక్ష అక్కడే జరిగింది.

హాంకాంగ్-తైవాన్ మధ్య ఓడల రాకపోకలు పెద్దవి. 1997 జూలై 1 తర్వాత హాంకాంగ్ ఓడ చైనా జెండాతో కావోషుంగ్ రేవుకి వస్తే తైవాన్ ఒప్పుకోదు. తైవాన్ ఓడ తన జెండాతో హాంకాంగ్ వస్తే బీజింగ్ ఒప్పుకోదు. ప్రభుత్వాలు ఒకదాన్నొకటి గుర్తించవు కాబట్టి నేరుగా కూర్చోలేవు. అందుకని హాంకాంగ్ నుంచి ఓడ యజమానుల సంఘం మనుషులు, తైవాన్ నుంచి పేరుకి ప్రైవేటుదైన ఒక సంస్థ కూర్చున్నారు. అప్పగింతకి కొన్ని వారాల ముందు, 1997 మేలో ఒప్పందం కుదిరింది. హాంకాంగ్ ఓడ తైవాన్ రేవులో ఉన్నంతసేపూ పువ్వు జెండా ఒక్కటే. తైవాన్ ఓడ హాంకాంగ్‌లో ఉన్నంతసేపూ ఏ జెండా ఉండదు.

రిజిస్టర్ బీజింగ్‌లో కలిసిపోయి ఉంటే ఈ వెసులుబాటుకి చోటే లేదు. ఎర్రమట్టి గారూ, చైనా ఎందుకు ఒప్పుకుంది అన్న మీ ప్రశ్నకి ఇది కూడా ఒక జవాబు.

ఎర్రమట్టి:
సరే, ఇది గట్టి ఉదాహరణ. జెండా లేకుండా ఓడ నిలబెట్టారంటే రెండు వైపులా వ్యాపారం ఎంత ముద్దో తెలుస్తోంది. అయినా ఒకటి అడుగుతాను. ఇంత కష్టపడి కట్టిన ఈ 'వేరు' ఇప్పుడు ఎవరు నమ్ముతున్నారు?

లెడ్జర్_లక్ష్మి:
మొదట్లో ఎవరూ ఎగబడలేదు, అది నిజం. 1999లో ఫీజులు తగ్గించి, పద్ధతులు తేలిక చేశాకే ఊపు వచ్చింది. 2015లో రిజిస్టర్ 10 కోట్ల గ్రాస్ టన్నులు (ఓడల లోపలి పరిమాణం కొలత) దాటింది. లైబీరియా, పనామా, మార్షల్ దీవుల తర్వాత ఏళ్ళ తరబడి నాలుగో స్థానం.

ఇప్పటి మాటకొస్తే మీ అనుమానం న్యాయమే. ఓడల ఆదాయం మీద ఇద్దరూ పన్ను వేసుకోకూడదని అమెరికా, హాంకాంగ్ 1989లో ఒక ఒప్పందం చేసుకున్నాయి. బ్రిటన్ ఉండగానే హాంకాంగ్‌ని వేరుగా చూసిన ఒప్పందం అది. 2020లో హాంకాంగ్‌కి ఇక ప్రత్యేక హోదా లేదంటూ అమెరికా దాన్ని రద్దు చేసింది. 2025లో చైనా ఓడల మీద అమెరికా రేవు ఫీజులు ప్రకటించినప్పుడు హాంకాంగ్ కంపెనీలని కూడా చైనా లెక్కలోనే వేసింది. అక్టోబర్ 14న మొదలుపెట్టి నవంబర్ 10 నుంచి ఏడాది పాటు ఆపింది. ఆపినా బ్యాంకుల నోట్లలో ఆ ప్రశ్న చేరిపోయింది: ఈ ఓడ ఏ జెండా కింద ఉంటే మనకి నిద్ర పడుతుంది?

1980ల్లో బేరం ఇద్దరి మధ్యే. మూడోవాళ్ళు దాన్ని ఒప్పుకున్నంత కాలమే అది పనికొస్తుంది. వాళ్ళ సంతకం ఆ కాగితం మీద ఎప్పుడూ లేదు.

రికార్డ్‌రూమ్:
లక్ష్మి గారి ఆఖరి మాటతో కొంచెం విభేదిస్తాను. అమెరికా ఒక్కటే 'మూడోవాళ్ళు' కాదు. ఒడంబడికల్లో ఉన్న మిగతా దేశాలన్నీ హాంకాంగ్ సర్టిఫికెట్‌ని ఇవాళ్టికీ హాంకాంగ్ సర్టిఫికెట్‌గానే తీసుకుంటున్నాయి. రేవులో ఇన్‌స్పెక్టర్ సోలాస్ కాగితం చూస్తాడు గానీ బీజింగ్ రాజకీయం చూడడు. దెబ్బ తగిలింది పన్నుల దగ్గర, ఫీజుల దగ్గర. రిజిస్టర్ పునాదికి కాదు.

లెడ్జర్_లక్ష్మి:
ఓడ యజమాని దృష్టిలో పన్నే పునాది మాస్టారూ.

గోదారి_గట్టు:
మనదగ్గర ఏంటి పరిస్థితి? మన ఓడలు కూడా దుబాయ్‌లోనో ఎక్కడో రాసుకుంటున్నారంటారు.

పాత_సరంగు:
మనకి 1958 చట్టం ఉండేది. ఓడ పూర్తిగా భారతీయులదే అయి ఉండాలి, లేకపోతే రాయరు. అంత బిగిస్తే ఏమైంది, మనవాళ్ళే బయట కంపెనీలు పెట్టి పరాయి జెండాలు కట్టుకున్నారు. 2025లో కొత్త మర్చంట్ షిప్పింగ్ చట్టం తెచ్చి యాజమాన్యం నిబంధన సడలించారు, బేర్‌బోట్ చార్టర్ మీద తీసుకున్న ఓడలకీ దారి ఇచ్చారు. హాంకాంగ్ 1990లో చేసిన పని అది. వైజాగ్‌లో కట్టిన జలఉష అనే ఓడ నీళ్ళలోకి దిగింది 1948లో. ఓడలు కట్టడం మొదలెట్టి 77 ఏళ్ళకి గానీ రాసుకునే పద్ధతి మార్చుకోలేదు మనం.

వైజాగ్_కుర్రోడు:
అందరికీ థాంక్స్, ఒక్క ఫోటో మీద ఇంత ఉందనుకోలేదు. ఇది తమ్ముడికి ఫార్వర్డ్ చేశాను. ఆ జీతం ప్రశ్నకి కూడా ఎవరైనా చెప్తే అమ్మకి చదివి వినిపిస్తా.

పాత_సరంగు:
చెప్తాను బాబూ, ఆమెకి ధైర్యం చెప్పు. ముందు ఓడలోనే ఫిర్యాదు పద్ధతి ఉంటుంది, ఎంఎల్‌సీ అనే నావికుల ఒడంబడిక ప్రకారం అది తప్పనిసరి. కెప్టెన్ దగ్గర తేలకపోతే జెండా దేశానికి రాయొచ్చు, వీడి విషయంలో అది హాంకాంగ్ మెరైన్ డిపార్ట్‌మెంట్, బీజింగ్ కాదు. ఏ రేవులో ఉంటే అక్కడి అధికారులకీ చెప్పొచ్చు. పంపిన ఏజెంటుకి మన డీజీ షిప్పింగ్ (కేంద్ర ప్రభుత్వ నౌకా శాఖ) లైసెన్స్ ఉంటే ఇక్కడ వాణ్ణి కూడా పట్టుకోవచ్చు. ఆ లైసెన్స్ నంబరు, కాంట్రాక్టు కాపీ ఇంట్లో ఒకటి పెట్టుకున్నారా లేదా? లేకపోతే ఇవాళే తమ్ముణ్ణి పంపమను.